ప్రక్కగదిలోని మూలుగు

(చదువుకొనవలసిన భాగములు: లూకా 15:11–32, కీర్తన 139)

తప్పిపోయిన కుమారుని ఉపమానము మన సంఘములలో తెలియనివారు లేరు. సండే స్కూలు పిల్లలు దానిని ఆడి చూపింతురు. రాత్రి కూటములలో బుర్రకథగా కూడ చెప్పుదురు. అయితే ఆ కుమారుడు ఆస్తిని పాడుచేసికొనెను గాని, తనకు తండ్రి ఉన్నాడనుటను ఎన్నడును సందేహింపలేదు. ఆకలి వేసినప్పుడు తండ్రి యిల్లే జ్ఞాపకమునకు వచ్చెను. తండ్రియే లేడనియో, ఉన్నను పలుకడనియో తేల్చుకొని ఇల్లు విడిచినవానికి తిరుగుదారి యేది? ఇది మనకు దూరపు ప్రశ్న కాదు. పట్టణములో చదువుచున్న బిడ్డ క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చి, అందరు ప్రభువు బల్లయొద్దకు పోవుచుండగా తానొక్కడు గుడి వెలుపల వేపచెట్టు క్రింద నిలిచియుండుట మనలో ఎందరు తలిదండ్రులు చూచి, ఎవరితోను చెప్పుకొనలేక మ్రింగుకొనిరో ప్రభువునకే తెలియును.

అట్టివారిని తలంచుకొని ఈ నెల మేము అదోనీరాము జడ్సన్ గారి చరిత్రను వ్రాయుచున్నాము. బర్మా దేశమునకు బైబిలు నిచ్చిన మిషనెరీ యని ఆయన పేరు చాలమంది వినియుందురు. ఆ బైబిలునే ఆయన ఒకప్పుడు త్రోసివేసెనని వినినవారు తక్కువ.

ఆయన 1788 ఆగస్టు 9వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున మాల్డెను అను ఊరిలో పుట్టెను. తండ్రి కాంగ్రిగేషనలు సంఘపు పాదిరి. ఆయన పేరును అదోనీరామే. సొలొమోను రాజు కాలమున వెట్టిపనివారిమీద అధికారిగా ఉండినవాని పేరది. తండ్రి కఠినుడు, కొడుకును గూర్చి గొప్ప ఆశలు గలవాడు. అబీగయీలు అను తల్లి, మూడేండ్ల వయస్సులోనే పిల్లవానికి చదువు నేర్పి, ప్రయాణమునుండి తిరిగివచ్చిన భర్తయెదుట బైబిలులో ఒక అధ్యాయము చదివించి ఆశ్చర్యపరచెనట. ఇట్టి యింటిలో పెరిగినవాడు విశ్వాసమును విడుచునని ఎవరనుకొందురు? అయితే పాదిరి యింటి బిడ్డలకు వాక్యము వినికిడిచేత అలవాటై, రుచి లేకుండ పోవుటయు కలదు. మేము చూచిన సంగతియే చెప్పుచున్నాము.

పదునారవ యేట, అనగా 1804లో, అతడు ప్రావిడెన్సు పట్టణపు కాలేజీలో చేరెను. దానినే తరువాత బ్రౌను విశ్వవిద్యాలయమని పిలిచిరి. అక్కడ జేకబ్ ఈమ్స్ అను పై తరగతి విద్యార్థితో స్నేహము కుదిరెను. ఈమ్స్ తెలివిగలవాడు, చక్కగా మాటలాడువాడు, మర్యాదస్థుడు. ఆ దినములలో ఫ్రాన్సు దేశపు విప్లవముతోపాటు వచ్చిన క్రొత్త తలంపులు అమెరికా కాలేజీలలో గాలివలె వీచుచుండెను. లోకమును చేసినవాడొకడు ఉండిన ఉండవచ్చును. గడియారమునకు కీ త్రిప్పి వెళ్లిపోయినవానివలె అతడు మరల ఇటు చూడడు. అతడు పలికిన గ్రంథము లేదు, పంపిన కుమారుడు లేడు, వినెడు ప్రార్థన లేదు అనునదే ఆ బోధ. దీనిని పూర్తి నాస్తికత్వము అనరాదని పండితులు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని ప్రార్థన వినని, పాపిని వెదకని దేవునికిని, లేని దేవునికిని, కష్టములో మోకరించిన మనిషికి భేదమేమి తెలియును? ఈమ్స్ ఆ బోధను నమ్మినవాడు. జడ్సను అతని మాటకు లోబడెను. ఇద్దరును కూర్చుండి, న్యాయవాదులమగుదమా, నాటకములు వ్రాసి కీర్తి పొందుదమా యని ఆలోచించుకొనెడివారు.

1807లో జడ్సను తరగతిలో మొదటివాడుగా పట్టము పొందెను. అప్పటికి తండ్రి ప్లిమతు అను ఊరి సంఘములో ఉండెను. కొడుకు అక్కడనే ఒక చిన్న బడి పెట్టి, ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకమొకటియు బాలికలకొరకు లెక్కల పుస్తకమొకటియు వ్రాసెను. ఏడాదిపాటు తండ్రి యింటనే ఉండి, కుటుంబ ప్రార్థనలో కూర్చుండి, లోపల ఏమియు లేనివాడై గడపెను. ఇంటివారికి అనుమానమైనను లేదు.

1808 ఆగస్టు నెలలో, ఇరువది యేండ్లు నిండిన దినములలో, అతడు బడిని మూసి లోకము చూడబోవుదునని చెప్పెను. తండ్రి గట్టిగా అడుగగా దాచక అంతయు బయటపెట్టెను. తాను క్రీస్తును నమ్ముట లేదు. బైబిలు ఇతర గ్రంథములవంటిదే. ఆ యింట ఆ దినము ఎట్లు గడచెనో మనము ఊహించుకొనవచ్చును. తండ్రి వాదమునకు దిగెను. వాదములో కొడుకుదే పైచేయి. కాలేజీలో అదే నేర్చుకొని వచ్చెను గదా. తల్లి వాదింపలేదు. ఆమె ఏడ్చుచు, ప్రార్థించుచు, అతడు ఏ గదిలోనికి పోయిన ఆ గదిలోనికి వెంట పోయెను. తండ్రి మాటలకు తనయొద్ద జవాబులుండెను గాని తల్లి కన్నీటికి జవాబు లేకపోయెనని జడ్సన్ గారు తరువాత ఒప్పుకొనిరి. అయినను అతడు ఆగలేదు. తండ్రి యిచ్చిన గుర్రమెక్కి వెళ్లిపోయెను.

దూరదేశములో కథ మనకు తెలిసినదే. షెఫీల్డు అను ఊరిలో పెదతండ్రి పాదిరిగా ఉండెను. గుర్రమును అక్కడ విడిచి, న్యూయార్కు పట్టణము చేరి, అచ్చట ఒక నాటకసమాజముతో కలిసెను. అది పేరుకు నాటకసమాజము గాని, తిరుగుబోతుల గుంపు. ఒక బసలో దిగుట, తినుట, సొమ్ము చెల్లింపక రాత్రికి రాత్రే జారుకొనుట వారి పని. పాదిరిగారి పెద్దకొడుకు, కాలేజీలో మొదటివాడు, ఇట్లు బ్రతికెను. కొన్ని వారములలో దానిపై అసహ్యము పుట్టి, గుర్రము కొరకు మరల షెఫీల్డునకు వచ్చెను. పెదతండ్రి ఊరిలో లేడు. ఆయన బదులుగా ఒక యౌవనస్థుడైన బోధకుడు ఇంటనుండెను. ఆ బోధకుడు వాదింపలేదు, గద్దింపలేదు. మెల్లగా, ఆప్యాయముగా మాటలాడెను. ఆ మాటలు జడ్సను మనస్సులో దిగెను. ఆ బోధకుని పేరు మేము ఎక్కడను చూడలేదు.

మరునాటి సాయంకాలము జడ్సను ఒక పల్లెటూరి సత్రములో దిగెను. సత్రపు యజమానుడు నొచ్చుకొనుచు, ఖాళీగా ఉన్న గది ఒక్కటే యనియు, దాని ప్రక్కగదిలో ఒక పడుచువాడు మిక్కిలి జబ్బుగా ఉన్నాడనియు, బహుశః బ్రతుకడనియు చెప్పెను. జడ్సను అది తనకు అడ్డు కాదని చెప్పి పండుకొనెను. నిద్ర రాలేదు. గోడకు ఆవల కాళ్లచప్పుడు, ఎవరో వచ్చుట, పోవుట, పలకలు కిరకిరలాడుట, నడుమ నడుమ రోగి మూలుగు. మూలుగుకంటె ఒక తలంపు అతనిని ఎక్కువగా బాధించెను. ఆ మనిషి చావునకు సిద్ధముగా ఉన్నాడా? తానైతే సిద్ధముగా ఉన్నాడా? ఈ తలంపు రాగానే సిగ్గు కలిగెను. ఇది ఈమ్స్ కు తెలిసిన యెడల ఎంత నవ్వునో, ఇట్టి పిల్లతనపు భయమును ఎట్లు చీల్చి పారవేయునో యని తన్ను తాను గద్దించుకొనెను. రాత్రియంతయు అట్లే గడచెను.

తెల్లవారినది. వెలుగుతో భయమును పోయెను. అతడు యజమానుని కలిసికొని, పోవుచు పోవుచు రోగి ఎట్లున్నాడని అడిగెను. చనిపోయినాడని జవాబు వచ్చెను. అతడెవరో తెలియునా యని అడిగెను. తెలియును, ప్రావిడెన్సు కాలేజీ కుర్రవాడు, పేరు ఈమ్స్ అని యజమానుడు చెప్పెను.

గంటలు గడచిన తరువాత గాని జడ్సను అక్కడనుండి కదలలేకపోయెను. తిరుగు మార్గమంతయు చనిపోయినాడు, నశించినాడు అను రెండు మాటలే అతని చెవులలో మ్రోగుచుండెను. ఈమ్స్ నేర్పిన బోధ నిజమైన యెడల ఈ చావునకు ఏ అర్థమును లేదు. ఒక దీపము ఆరినది, అంతే. కాని ఆ బోధను నమ్మితిననుకొన్నవాడే దానిని ఆ ఉదయము నమ్మలేకపోయెను. అతడు గుర్రమును ప్లిమతు వైపు త్రిప్పెను. సెప్టెంబరు 22న ఇల్లు చేరెను.

ఇచ్చట మేము ఒక సంగతి చెప్పవలెను. కూటములలో ఈ కథ చెప్పువారు సాధారణముగా సత్రమునొద్దనే ముగించి, అతడు ఆ ఉదయమే రక్షింపబడెనందురు. అది వాస్తవము కాదు. సత్రములో అతనికి భయము కలిగినది, విశ్వాసము కలుగలేదు. ఇల్లు చేరిన తరువాత కూడ బైబిలు దేవుని వాక్యమని అతడు ఒప్పుకొనలేకపోయెను. ఆ శరత్కాలమున ఆండోవరులో క్రొత్తగా తెరవబడిన వేదాంత పాఠశాలవారు అతనిని చేర్చుకొనిరి. విశ్వాసిగా కాదు, పాదిరి కాబోవువానిగా కాదు, వెదకువానిగా. తొందరపెట్టి సాక్ష్యము చెప్పింపలేదు. గ్రీకు, హెబ్రీ భాషలలో లేఖనములను చదువుచు, ఎవరికిని చెప్పక ప్రార్థించుచు, అతడు కొంచెము కొంచెముగా వెలుగులోనికి వచ్చెను. 1808 డిసెంబరు 2న తన్ను తాను దేవునికి సమర్పించుకొనెను. ఎప్పుడు ఏ గడియలో మార్పు కలిగెనో తానే చెప్పలేకపోయెను. 1809 మే 28న తండ్రి సంఘములోనే సభ్యుడుగా చేరెను. ఆ తల్లి ఆ ఆదివారము ఏ వరుసలో కూర్చుండెనో ఎవరును వ్రాయలేదు.

మరియొక సంగతి. అమెరికా విడుచుటకు ముందు ఆయన ఆ పాత త్రోవనే మరల వెళ్లి, తాను మోసగించినవారిని వెదకి చెల్లు పెట్టెను. మన పెద్దలు జక్కయ్య మారుమనస్సు అనునది ఇదే.

తరువాతి సంగతులను త్వరగా చెప్పెదము. 1812 ఫిబ్రవరి 5న ఆన్ హాసెల్టైను అను కన్యను వివాహమాడి, అదే నెల 19న ఓడ ఎక్కి, జూను 17న కలకత్తా చేరిరి. ఓడలో క్రొత్తనిబంధన చదువుచు, బాప్తిస్మమును గూర్చి తన సంఘపు బోధను పరీక్షించి, కలకత్తాలో సెప్టెంబరు 6న వార్డు దొరగారిచేత ముంచుడు బాప్తిస్మము పొందిరి. పంపినవారితో తెగిపోయెను, జీతము ఆగెను. ఆయనను పోషించుటకై అమెరికా బాప్టిస్టులు 1814లో ఒక మిషనెరీ సమాజము ఏర్పరచిరి. ఆ సమాజమే 1835లో డే దొరగారిని తెలుగు దేశమునకు పంపెను. నెల్లూరు, ఒంగోలు సంఘములు దాని ఫలములే. కనుక సత్రములోని ఆ రాత్రి మనకును కొంత చెందియున్నది. కంపెనీవారు ఇండియాలో ఉండనియ్యనందున, జడ్సను దంపతులు మద్రాసు వరకు వచ్చి, అక్కడ దొరికిన ఓడ ఎక్కి, 1813 జూలై 13న రంగూనులో దిగిరి. మన కోస్తావారు రంగము అని పిలిచిన ఊరది.

రంగూనులో ఆరేండ్లవరకు ఒక్క ఆత్మయు రాలేదు. ఎనిమిది నెలల మగబిడ్డను అక్కడనే పాతిపెట్టిరి. 1819లో దారిప్రక్కన బర్మావారి రీతిని ఒక జయాతు, అనగా సత్రమువంటి మండపము కట్టి, జడ్సన్ గారు అందులో కూర్చుండి, వచ్చిపోవువారితో మాటలాడసాగిరి. ఆ జూను 27న మౌంగ్ నౌ అను కూలివాడు మొదటి బాప్తిస్మము పొందెను. ఆ సత్రమునకు వచ్చినవారిలో మౌంగ్ ష్వేగ్నాంగ్ అను గురువొకడు కలడు. అతడు తన దేశపు మతమును నమ్మడు, ఏదియు నిశ్చయమని ఒప్పుకొనడు. సృష్టికర్త ఒకడుండవచ్చుననును, మరల దానినే సందేహించును. గంటలకొలది కూర్చుండి వాదించును. జడ్సన్ గారు అతనిలో ఎవరిని చూచిరో చెప్పనక్కరలేదని మా తలంపు.

ఒకనాడు ఆ గురువు తాను అంతయు నమ్ముదునని చెప్పి, దేవుని కుమారుడు సిలువమీద అవమానము పొందెననుటను మాత్రము నమ్మలేననెను. ఏ రాజైనను తన కుమారుని అట్టి నిందకు అప్పగించునా అని అతని ప్రశ్న. జడ్సన్ గారు దానికి ఉపమానములు వెదకలేదు. నీవు ఇంకను క్రీస్తు శిష్యుడవు కావు, నీ బుద్ధికి సరిపడినదానినే నమ్ముదువు, నీ గర్వము విరుగలేదు అను భావముతో మృదువుగా, స్పష్టముగా చెప్పిరి. ఆ గురువు కొంతసేపు ఊరకుండి, అది నిజమే, నేను నా బుద్ధినే నమ్ముకొంటినని ఒప్పుకొనెను. అధికారుల భయముచేత కొన్నాళ్లు రాక మానెను. 1820 జూలైలో, జబ్బుపడిన భార్యతో జడ్సన్ గారు బంగాళమునకు ఓడ ఎక్కబోవు దినములలో, అతడు వచ్చి బాప్తిస్మము అడిగి పొందెను.

1824లో ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము వచ్చెను. జూను 8న ఆవా పట్టణములో తెల్లవారందరితోపాటు జడ్సన్ గారిని కట్టి చెరసాలలో వేసిరి. కాళ్లకు సంకెళ్లు, రాత్రివేళ ఆ కాళ్లను ఒక వెదురుబొంగునకు తగిలించి పైకెత్తి, భుజములు మాత్రము నేలకు ఆనునట్లు చేసిరి. ఆన్ దొరసానమ్మగారు గర్భవతిగా ఉండి, అధికారుల యిండ్ల చుట్టు తిరిగి, అన్నము తెచ్చి యిచ్చెడివారు. క్రొత్తనిబంధన తర్జుమా ప్రతిని ఒక గట్టి దిండులో కుట్టి, ఎవరును ఆశింపరాని ముతక దిండుగా ఆయనకు అందించిరి. ఖైదీలను వేరొక ఊరికి తరిమినప్పుడు ఆ దిండు పారవేయబడెను. మౌంగ్ ఇంగ్ అను శిష్యుడు గురువుగారి జ్ఞాపకార్థమని దానిని ఏరుకొని దాచెను, లోపల ఏమున్నదో ఎరుగడు. ఒక సంవత్సరమును మరి కొన్ని నెలలును ఇట్లు గడచిన పిమ్మట ఆయనకు విడుదల కలిగెను. 1826 అక్టోబరు 24న ఆన్ గారు అమ్హర్స్టు అను ఊరిలో జ్వరముతో చనిపోయిరి. భర్త దూరముగా ఉండెను. ఆరు నెలలకు, 1827 ఏప్రిల్ 24న, చెరకాలములో పుట్టిన పసిబిడ్డ మరియయును పోయెను.

ఇక్కడనుండి జరిగిన దానిని కొందరు జీవితచరిత్రకారులు తొందరగా దాటిపోవుదురు. మేము దాటము. జడ్సన్ గారు తమకు వచ్చిన బిరుదును వదలుకొనిరి. తమ్మును పొగడిన ఉత్తరములను కాల్చివేసిరి. తమ సొంత ఆస్తిని మిషనుకు ఇచ్చివేసిరి. 1828లో అడవిలో ఒక గుడిసె కట్టుకొని ఒంటరిగా చేరిరి. ఒక సమాధి గుంట త్రవ్వి దాని ఒడ్డున దినములకొలది కూర్చుండి, తమ చావును ధ్యానించిరి. ఆన్ గారు పోయి మూడేండ్లు నిండిన దినమున ఆయన వ్రాసిన ఉత్తరములో, దేవుడు తమకు తెలియని గొప్పవాడైపోయెననియు, ఆయనను నమ్ముచున్నారు గాని కనుగొనలేకున్నారనియు ఉన్నది.

యౌవనములో దేవుడు పలుకడని ఎంత సులువుగా చెప్పిరి! నలుబది యేండ్ల వయస్సున, సువార్తకొరకు సమస్తమును పోగొట్టుకొనిన పిమ్మట, పలుకని దేవునియెదుట నిజముగా కూర్చుండిరి. పైకి రెండును ఒకటే చీకటివలె కనబడవచ్చును. మేము చూచినంతలో భేదమిది: ఆ మొదటి చీకటిలో ఆయన ఎవరిని వెదకలేదు, ఎవరు లేరని ఏడ్వలేదు. ఈ రెండవదానిలో ప్రార్థన మానలేదు, తర్జుమా మానలేదు. మన సంఘములలో బిడ్డను పోగొట్టుకొని, ప్రార్థనకు వచ్చి నోరు మెదపలేక కూర్చున్నవారిని విశ్వాసము లేనివారని ఎవరైనను అనునప్పుడు, ఈ గుంటయొద్ద కూర్చున్న మనిషిని మేము జ్ఞాపకము చేసికొందుము.

వెలుగు మరల ఒక్కసారిగా రాలేదు. ఆండోవరులో వచ్చినట్లే కొంచెము కొంచెముగా వచ్చెను. కరెను జనుల పల్లెలలో అడవిదారులు పట్టి నడచిరి. 1834 జనవరి 31న బర్మా బైబిలు తర్జుమా పూర్తిచేసిరి; మరి ఆరేండ్లకు పైగా దానిని దిద్ది, 1840 అక్టోబరు 24న దిద్దుబాటు ముగించిరి. ఆ తేదీని పాఠకులు గమనింతురు. ఆ బైబిలు నేటికిని బర్మా సంఘములలో చదువబడుచున్నది. నూరుగురు విశ్వాసుల సంఘమొకటి చూచిన చాలునని ఆయన మొదట కోరుకొనిరి. ఆయన పోవునాటికి బర్మీయులలోను కరెనులలోను బాప్తిస్మము పొందినవారు ఏడు వేలవరకు ఉండిరి.

1834లో సారా బోర్డ్మను అను విధవరాలిని వివాహమాడిరి. ఆమెయు 1845లో స్వదేశమునకు పోవు త్రోవలో సెంటు హెలీనా ద్వీపమున మరణించెను. 1846లో ఎమిలీ చబ్బకు గారిని వివాహమాడి మరల బర్మాకు వచ్చిరి. 1849లో ఇంగ్లీషు–బర్మా నిఘంటువు ముగించునప్పటికి ఒడలు క్షీణించెను. సముద్రపు గాలి మేలుచేయునేమోయని 1850 ఏప్రిల్ మొదటివారమున మౌల్మేనులో ఒక ఫ్రెంచి ఓడ ఎక్కించిరి. నిండు నెలలతో ఉన్న ఎమిలీ గారు ఒడ్డుననే ఉండిపోయిరి. మిషను అచ్చుకూటపు రానీ దొరగారు వెంట వెళ్లిరి. ఓడగదిలో ఆయన బాధ దుర్భరమాయెను. పలకల గోడకు ఆవల పనిచేసికొనుచుండిన నావికులకు ఆ మూలుగు వినబడియుండును. ఏప్రిల్ 12వ తేదీ సాయంకాలము ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆ రాత్రియే దేహమును బంగాళాఖాతములో దింపిరి. ఓడలో ప్రార్థన చేయించు పాదిరి లేడు. పది దినములకు ఎమిలీ గారికి ఒక మగబిడ్డ చచ్చి పుట్టెను. భర్త పోయిన వార్త ఆమెకు ఆగస్టు నెలాఖరున చేరెను.